ఎనిమిది వాట్ల వాల్వ్ ఆంప్‌కి ఎలాంటి స్పీకర్లు కావాలి?

పాతకాలపు వాల్వు రేడియోలో స్పీకర్‌ని తోలేది చాలావరకు ఇఎల్84 అనే ఒకే ఒక్క వాల్వు, లేదా దాని చుట్టాల్లో ఒకటి. దాన్నుంచి వచ్చేది నాలుగైదు వాట్లు. ఆ రేడియో హాల్లో మోగుతుంటే పెరట్లో గిన్నెలు తోముతున్న మనిషికి కూడా వార్తలు స్పష్టంగా వినపడేవి. ఇప్పుడు అవే నాలుగైదు వాట్లని ఖరీదైన చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్‌కి ఇచ్చి చూడండి. వాల్యూమ్ కాస్త పెంచగానే పాట బొంగురుపోతుంది. వాట్లు అవే, మారింది స్పీకరు.

రేడియో స్పీకరుకి పల్చటి కాగితం కోను, తేలికైన వాయిస్ కాయిల్, వెనక తెరిచి ఉన్న చెక్క పెట్టె ఉండేవి. లోతైన బేస్ వచ్చేది కాదు, రావాలని ఎవరూ అడగలేదు. చిన్న పెట్టెలోంచే లోతైన బేస్ కావాలనుకున్నప్పుడు కథ మారింది. 1954లో అమెరికాలో ఎకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ ఏఆర్-1 అనే మూసిన పెట్టె స్పీకర్‌ని తెచ్చింది. బరువైన కోను, చిన్న పెట్టె, లోతైన బేస్. వీటన్నిటికీ మూల్యం వాట్లు. ట్రాన్సిస్టర్లతో వాట్లు చవకయ్యాక ఆ మూల్యం ఎవరికీ భారం అనిపించలేదు. ట్యూబ్ ఆంప్ (వాల్వ్ ఆంప్‌కే ఇంకో పేరు) ఇంటికి తెచ్చుకున్న రోజున మాత్రం ఆ పాత లెక్కలన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

కొనబోయేవాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్ని డెసిబెల్స్ ఉండాలి?" ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె అది, దాన్నే సెన్సిటివిటీ అంటారు. అది సగం ప్రశ్న. మిగతా సగం ఓమ్‌లది, అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డుది, దాన్ని ఎవరూ అడగరు. 97 డెసిబెల్స్ అని రాసుండి ఓమ్‌లు ఎగిరిపడే స్పీకర్ కంటే, 92 డెసిబెల్స్ ఉండి ఓమ్‌లు కుదురుగా ఉన్న స్పీకరే చిన్న ట్యూబ్ ఆంప్‌కి మేలు. ఈ మాట ఎందుకంటున్నామో చూద్దాం.

ముందు మీకు ఎన్ని వాట్లు కావాలో కొలవండి

ఇప్పుడు ఇంట్లో ఉన్న ట్రాన్సిస్టర్ ఆంప్, ఇప్పుడున్న స్పీకర్లే దీనికి చాలు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 120 హెర్ట్జ్ టోన్ ఒకటి తయారు చేయండి, ఆంప్లిట్యూడ్ 0.25 పెట్టండి. అంటే పూర్తి స్థాయికి 12 డెసిబెల్స్ తక్కువ. తర్వాత మీరు ఎక్కువగా వినే పాటని, మీరు ఎప్పుడైనా పెట్టే గరిష్ఠ వాల్యూమ్‌లో వినండి. ఇక నాబ్ కదపకూడదు. స్పీకర్ వైర్లు తీసేసి, అదే పరికరంలోంచి ఆ టోన్ వేసి, ఆంప్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజి చూడండి. వచ్చిన అంకెని నాలుగుతో గుణించి, దాన్ని దానితోనే గుణించి, 8తో భాగించండి. మీ పాటలో అతి పెద్ద దెబ్బకి ఆంప్ ఇవ్వాల్సిన వాట్లు అవే, ఎనిమిది ఓమ్‌ల లెక్కన.

మీటరు 0.7 వోల్టులు చూపిస్తే ఒక వాటు. 1.4 చూపిస్తే నాలుగు వాట్లు. 2.8 చూపిస్తే పదహారు. పసుపుపచ్చ రంగు చవక మీటర్లలో చాలావాటికి ఏసీ 200 వోల్టుల రేంజి నుంచే మొదలవుతుంది, దాంతో ఈ అంకెలు నమ్మకంగా తెలియవు. 2 లేదా 20 వోల్టుల ఏసీ రేంజి ఉన్నది తెచ్చుకోండి. ఒక హెచ్చరిక: వైర్లు తీసి కొలవడం ట్రాన్సిస్టర్ ఆంప్‌కే. ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ లేకుండా నడపకూడదు, కారణం చివర్లో వస్తుంది.

ఫలితం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. వంద వాట్ల ఆంప్ వాడుతూ రెండు వాట్లు దాటనివాళ్లు ఎక్కువే. ఒకవేళ 86 డెసిబెల్స్ స్పీకర్లతో పదహారు వాట్లు తేలిందనుకుందాం. స్పీకర్ మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా కావాల్సిన వాట్లు సగం అవుతాయి. కాబట్టి 92 డెసిబెల్స్ స్పీకర్‌తో నాలుగు వాట్లు, 95తో రెండు వాట్లు సరిపోతాయి.

ఇప్పుడు ఆంప్ వైపు చూద్దాం. ఒకే ట్యూబు పాట మొత్తాన్ని మోసే సింగిల్ ఎండెడ్ పద్ధతిలో 45 ట్యూబు రెండు వాట్ల లోపు ఇస్తుంది, 2ఏ3 మూడున్నర, 6వి6, ఇఎల్84లు నాలుగైదు, 300బి ఏడెనిమిది, ఇఎల్34 ఎనిమిది నుంచి పది. ఇఎల్84లు రెండు పుష్‌పుల్‌లో, అంటే ఒకటి తోస్తే ఇంకోటి లాగేలా పెడితే పన్నెండు నుంచి పదిహేను.

డెసిబెల్ అంకెని కాస్త కోసి చదవాలి

బ్రోచర్‌లో "90 డెసిబెల్స్, 2.83 వోల్టులకి, ఒక మీటరు దూరంలో" అని ఉంటుంది. 2.83 వోల్టులు ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కి ఒక వాటు. నాలుగు ఓమ్‌ల స్పీకర్‌కి అదే వోల్టేజి రెండు వాట్లవుతుంది. కాబట్టి నాలుగు ఓమ్‌ల 90 అంటే నిజానికి 87. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి ఈ తేడా పెద్దగా పట్టదు, ట్యూబ్ ఆంప్‌కి వాటు వాటూ లెక్కే.

కొన్ని కంపెనీలు ప్రతిధ్వని లేని గదిలో కొలుస్తాయి, కొన్ని మామూలు గదిలో కొలిచి గోడలు తిరిగిచ్చిన శబ్దాన్ని కూడా కలిపేస్తాయి. రెండో రకం అంకెలోంచి రెండు మూడు డెసిబెల్స్ తీసేసి చదవడం మంచిది.

ఎనిమిది వాట్లంటే ఒక వాటు మీద తొమ్మిది డెసిబెల్స్ ఎక్కువ. 86 డెసిబెల్స్ స్పీకర్ మీటరు దూరంలో 95 దాకా వెళ్తుంది. రెండున్నర మీటర్ల దూరంలో కూర్చుంటే మామూలు గదిలో ఐదారు డెసిబెల్స్ పోతాయి, రెండో స్పీకర్ వల్ల మూడు తిరిగొస్తాయి. చివరికి 92 దగ్గర గరిష్ఠం. పాట సగటు స్థాయి దానికి పన్నెండు, పదిహేను డెసిబెల్స్ కింద ఉంటుంది. వీణకి, గాత్రానికి ఇది చాలు. నాదస్వరం, డోలు వేస్తే, లేదా నలభై వయొలిన్లు ఒకేసారి లేచే సినిమా పాట పెడితే చాలదు. అదే 94 డెసిబెల్స్ స్పీకర్ అయితే గరిష్ఠం వందకి చేరుతుంది, నాదస్వరం కూడా నిలబడుతుంది.

విశాఖలో ఈ లెక్కలోకి ఇంకొకటి చేరుతుంది: ఫ్యాను. ఇక్కడ ఫ్యాన్ ఆపి పాట వినగలిగేది డిసెంబరు, జనవరి రాత్రుల్లోనే. తిరిగే ఫ్యాను గదిలో ఒక హోరు నింపుతుంది, గమకం చివరి తోక అందులో మునిగిపోతుంది, చెయ్యి తెలియకుండానే నాబ్ మీదికి పోతుంది. మూడు డెసిబెల్స్ పెంచితే వాట్లు రెట్టింపు. అందుకే ఫ్యాను తిరుగుతున్న గదికి మూడు డెసిబెల్స్ మిగులు పెట్టుకుని స్పీకర్ ఎంచుకోండి. పైన చెప్పిన వోల్టేజి పరీక్ష కూడా ఫ్యాను వేసే చెయ్యండి.

ఓమ్‌లు: అసలు తగాదా ఇక్కడే

స్పీకర్ వెనక "8 ఓమ్‌లు" అని రాసింది పేరుకే. అదే స్పీకర్ 55 హెర్ట్జ్ దగ్గర 30 ఓమ్‌లు, 150 దగ్గర 4, 2000 దగ్గర 18 ఉండొచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్ లోపలి నిరోధం ఒక ఓమ్‌లో పదో వంతు కూడా ఉండదు, అందుకే ఈ ఎగుడుదిగుడులు దానికి లెక్కలేదు. ఫీడ్‌బ్యాక్ (బయటికెళ్లే సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చి తప్పులు దిద్దుకునే ఏర్పాటు) లేని 300బి ఆంప్ లోపలి నిరోధం రెండు మూడు ఓమ్‌లు. అప్పుడు వోల్టేజిని ఆంపూ స్పీకరూ పంచుకుంటాయి, ఎవరి ఓమ్‌లు ఎన్నో వాళ్ల వాటా అంత.

లెక్క వేసి చూద్దాం. ఆంప్‌కి 3 ఓమ్‌లు. స్పీకర్ 30 ఓమ్‌ల దగ్గర ఉన్నప్పుడు 33లో 30 వంతులు, అంటే 91 శాతం వోల్టేజి స్పీకర్‌కి అందుతుంది. 4 ఓమ్‌లకి దిగినచోట 7లో 4 వంతులే, 57 శాతం. ఈ రెంటికీ మధ్య తేడా నాలుగు డెసిబెల్స్. ఎవరో టోన్ కంట్రోల్ తిప్పేసినట్టే: 55 హెర్ట్జ్ దగ్గర బేస్ ఉబ్బుతుంది, మగ గొంతు నిండుదనం ఉండే చోట సన్నబడుతుంది, 2000 దగ్గర గొంతు ముందుకు తోసుకొస్తుంది. "ట్యూబ్ సౌండ్ తియ్యగా ఉంది" అన్నా, "ట్యూబ్‌లో బేస్ వదులుగా ఉంది" అన్నా చాలాసార్లు అది ట్యూబ్ గుణం కాదు, ఈ పంపకమే. స్పీకర్ 6 నుంచి 20 ఓమ్‌ల మధ్యే తిరిగితే తేడా రెండుంపావు డెసిబెల్స్‌కి తగ్గుతుంది. అది భరించదగ్గదే.

డెసిబెల్స్ తక్కువైనా ఓమ్‌లు బాగుంటే ఎంత నెట్టుకురావచ్చో చెప్పడానికి బిబిసి ఇంజనీర్లు రూపొందించిన ఎల్‌ఎస్3/5ఏ మంచి ఉదాహరణ. సెన్సిటివిటీ 82, 83 మాత్రమే. కానీ మొదటి రకం 15 ఓమ్‌లు, తర్వాతి రకం 11. పదిహేను వాట్ల పుష్‌పుల్ ట్యూబ్ ఆంప్‌తో, చిన్న గదిలో, దగ్గరగా కూర్చుని వినేవాళ్లు దాన్ని ఇప్పటికీ వదలరు.

బేస్ విషయంలో ఇంకో మెలిక ఉంది. బేస్ డ్రైవర్ (కోను, కాయిల్, అయస్కాంతం కలిసిన భాగం) కోను ఆగాల్సినచోట ఆగేలా పట్టుకునేది కొంత ఆంపే. ఆంప్ లోపలి నిరోధం పెరిగితే ఆ పట్టు సడలుతుంది. డ్రైవర్ డేటాలో క్యూటీఎస్ అనే అంకె ఉంటుంది, అది ఎంత తక్కువైతే కోను మీద పట్టు అంత ఎక్కువ. 0.30 ఉన్న డ్రైవర్, కాయిల్ నిరోధం 6 ఓమ్‌లు అనుకుంటే, 3 ఓమ్‌ల ఆంప్‌కి తగిలించగానే సుమారు 0.44లా ప్రవర్తిస్తుంది. అంటే ట్రాన్సిస్టర్ ఆంప్ మీద "బేస్ లేదు, పొడిగా ఉంది" అనిపించుకున్న స్పీకరే ట్యూబ్ మీద నిండుగా పలుకుతుంది. మొదటే 0.5 ఉన్నది మాత్రం డప్పులా మోగుతుంది. షాపులో ట్రాన్సిస్టర్ ఆంప్ మీద విని స్పీకర్ ఎంచుకుంటే తప్పుదారి పట్టేది అందుకే. ఆంప్‌ని మోసుకెళ్లండి, బరువైనా సరే.

ఏ హెర్ట్జ్ దగ్గర ఎన్ని ఓమ్‌లో చూపే గీత బ్రోచర్‌లో లేకపోతే ఇంట్లోనే కొలుచుకోవచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్ ఒక వైపు టెర్మినల్‌కి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, దాని వెనక స్పీకర్ పెట్టండి. 100 హెర్ట్జ్ టోన్ వేసి ఆంప్ దగ్గర 10 వోల్టులు వచ్చేలా వాల్యూమ్ ఉంచండి. ఇప్పుడు స్పీకర్ రెండు కొసల మధ్య చూపించే ప్రతి 10 మిల్లీవోల్టులూ దాదాపు ఒక ఓమ్. 80 చూపిస్తే 8 ఓమ్‌లు. ముందుగా స్పీకర్ స్థానంలో 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి 100 మిల్లీవోల్టులు వస్తున్నాయో లేదో సరిచూసుకోండి. 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు పది పది చొప్పున, ఆపైన 400, 1000, 2000, 5000 దగ్గర కొలిచి కాగితం మీద చుక్కలు కలిపితే గీత వచ్చేస్తుంది. వెయ్యి దాటాక చవక మీటర్లు తక్కువ చూపిస్తాయి, అక్కడ కూడా పది ఓమ్‌ల రెసిస్టర్‌తో పోల్చి సరిదిద్దుకోవాలి. ఎక్కడా 5 కంటే కిందికి దిగకపోతే ఎనిమిది ఓమ్‌ల ట్యాప్‌కి (ఆంప్ వెనక ఆ ఓమ్‌ల స్పీకర్ కోసం ఇచ్చే టెర్మినల్) భయం లేదు.

పైకి వెళ్లేకొద్దీ ఓమ్‌లు పెరగడం కాయిల్ ఇండక్టెన్స్ వల్ల. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్‌ని వరసగా కలిపి డ్రైవర్‌కి అడ్డంగా వేస్తే అది చదునవుతుంది. కాయిల్ నిరోధం 6 ఓమ్‌లు, ఇండక్టెన్స్ 0.6 మిల్లీహెన్రీలు అయితే 7.5 ఓమ్‌ల రెసిస్టరు, 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు సరిపోతాయి. రెంటికీ కలిపి ఖర్చు ఒక సినిమా టికెట్టంత కూడా ఉండకపోవచ్చు.

పెట్టె పెద్దదవుతుంది, తప్పదు

లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, చిన్న పెట్టె: మూడింట్లో రెండే దొరుకుతాయి. కేఎల్‌హెచ్ కంపెనీ పేరులో "హెచ్" అయిన ఆంటన్ హాఫ్‌మన్ పేరు మీద దీన్ని ఇనుప సూత్రం అంటారు. "చిన్న పెట్టె, 95 డెసిబెల్స్, 35 హెర్ట్జ్" అని మూడూ ఒకే కాగితం మీద కనిపిస్తే ఒకటి అబద్ధం.

ఇల్లు చూసుకుని దేన్ని వదులుకోవాలో తేల్చుకోండి. బేస్ కొంత వదులుకోగలిగితే ఎనిమిది అంగుళాల ఫుల్‌రేంజ్ డ్రైవర్ ఒక్కటే పెట్టిన స్పీకర్ చాలు: 93 నుంచి 96 డెసిబెల్స్, మధ్యలో క్రాసోవర్ (బేస్‌నీ పై స్వరాలనీ వేరు చేసి పంచే సర్క్యూట్) లేదు, ఓమ్‌లు కుదురుగా ఉంటాయి, గొంతు, వీణ, వయొలిన్ ఎదురుగా కూర్చున్నట్టు వస్తాయి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డులు ఇలాంటి స్పీకర్ మీద వినాలి, వాటిలో లోతైన బేస్ ఎలాగూ లేదు. ఇబ్బందేమిటంటే పై స్వరాలు టార్చి వెలుగులా సూటిగా పోతాయి, మధ్యలో కూర్చున్న ఒక్కరికే సుఖం. స్పీకర్లని కాస్త పక్కకి తిప్పి పెడితే ఆ పదును తగ్గుతుంది.

బేస్ కావాలి, పెట్టె పెద్దదైనా ఫర్వాలేదంటే పన్నెండు అంగుళాల కాగితం కోను, పై స్వరాలకి హార్న్ ట్వీటరు ఉన్న టూవే, అంటే రెండు డ్రైవర్ల స్పీకర్. కొత్తది కొనకుండా చేయించుకోవాలంటే మైకు సెట్లకి వాడే రకం పన్నెండు అంగుళాల డ్రైవర్లు 95 పైనే ఉంటాయి. అయితే అవన్నీ పనికిరావు. చాలావాటి సొంత కంపనం 50 హెర్ట్జ్‌కి పైన, కొన్నిటికి 2000 దాటాక గరగర. డేటా షీటు చూడకుండా డ్రైవర్ కొనొద్దు. బయటి కొలతలు 16 అంగుళాల వెడల్పు, 14 లోతు, 36 ఎత్తు పెట్టుకుంటే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో లోపల వంద లీటర్లు పైచిలుకు వస్తుంది. జతకి రెండు 8×4 షీట్లు, మిగిలిన ముక్కలు లోపలి అడ్డకర్రలకి సరిపోతాయి.

మూలకి ఆనించి పెట్టే హార్న్‌లు వంద డెసిబెల్స్ దాటతాయి. క్లిప్ష్‌హార్న్ 1946 నుంచీ ఉన్నది. కానీ ఖాళీగా ఉన్న రెండు మూలలు కావాలి, ఒక మూల తలుపు, ఇంకో మూల బీరువా ఉండే మన గదుల్లో అది జరిగే పని కాదు.

ఫ్లాటు గది, ఉప్పు గాలి

ఎంవీపీ కాలనీ ఫ్లాటైనా, మధురవాడ కొత్త అపార్ట్‌మెంటైనా గది దాదాపు ఒకటే: పన్నెండు అడుగులు బై పది, పైన శ్లాబు పది అడుగుల ఎత్తు, కింద టైల్స్. పన్నెండు అడుగులు 48 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, పది అడుగులు 57 దగ్గర. వెడల్పూ ఎత్తూ రెండూ పదే కాబట్టి 57 రెండింతలు మోగుతుంది. ట్యూబ్ ఆంప్ వల్ల 55 దగ్గర ఉబ్బే స్పీకర్‌ని ఈ గదిలో పెడితే మృదంగం ఎడమ వైపు ప్రతి దెబ్బా ఒకే శ్రుతిలో "బుమ్" అంటుంది. స్పీకర్‌నీ కుర్చీనీ గోడ నుంచి రెండడుగులు ముందుకి జరిపితే సగం తగ్గుతుంది. గది మధ్యలో ఒక మందపాటి తివాచీ పై స్వరాల గలగలని తగ్గిస్తుందే గానీ బేస్‌ని ఏమీ చెయ్యదు. ఫుల్‌రేంజ్ డ్రైవర్ పెట్టుకున్నవాళ్లు మాత్రం దీనికి తిరగేసి చెయ్యాలి: గోడకి దగ్గరగా పెడితే తక్కువైన బేస్ కొంత ఉచితంగా వస్తుంది.

పాతవి కొనేటప్పుడు కోను అంచు చూడండి. ఫోమ్ అంచులు తేమకి పాడవుతాయి. లాసన్స్ బే వైపు ఇళ్లలో పదేళ్లకే వేలు తగిలితే పిండిలా రాలినా ఆశ్చర్యం లేదు. రబ్బరు అంచు, లేదా పాత పద్ధతి మడతల గుడ్డ అంచు నయం. తర్వాత రెండు చేతుల వేళ్లూ కోను చుట్టూ సమానంగా ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి, చెవి దగ్గర పెట్టి. ఇసుక రాసినట్టు గీర వినిపిస్తే అయస్కాంతం సందులో తుప్పు పట్టింది, ఎంత చవకైనా వదిలేయండి. టెర్మినల్స్ మీది పచ్చటి చిలుము మాత్రం కంగారు పడాల్సింది కాదు, గరుకు కాగితంతో పోతుంది.

పెట్టెకి ఎండీఎఫ్ వాడితే కింది అంచు తేమ పీల్చి ఉబ్బుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి, వెనక వైపు, కింద కూడా పాలిష్ వేయించండి. కనిపించని వైపు ఎందుకని వడ్రంగి వదిలేస్తాడు, చెమ్మ దూరేది, చెద పట్టేది అక్కడే.

తగిలించాక

సెన్సిటివిటీ పెరిగేకొద్దీ ఆంప్ లోపాలు కూడా బయటికి వినిపిస్తాయి. ఆంప్ చివర 5 మిల్లీవోల్టుల హమ్ (పాట లేనప్పుడు కూడా వచ్చే సన్నటి గుయ్ మనే మోత) ఉందనుకోండి. 86 డెసిబెల్స్ స్పీకర్‌లో మీటరు దూరానికి అది 31 డెసిబెల్స్, ఫ్యాన్ హోరులో కలిసిపోతుంది. వంద డెసిబెల్స్ స్పీకర్‌లో 45, రాత్రి పూట పాటకీ పాటకీ మధ్య చెవిలో జోరీగే. ఒక మిల్లీవోల్టు కంటే తక్కువ ఉన్న ఆంప్ అయితేనే వంద దాకా వెళ్లండి. హమ్ ఆంప్‌దా, బయటిదా తెలియాలంటే ఇన్‌పుట్ వైర్లన్నీ పీకి వినండి. ఆగిపోతే దోషం సెట్‌టాప్ బాక్సు కేబుల్‌దో, ఎర్తింగ్ లేని ప్లగ్‌దో. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి హమ్ ఆపే చిట్కా జోలికి పోవద్దు. ట్యూబ్ ఆంప్ చట్రం లోపల 300 నుంచి 450 వోల్టులు ఉంటాయి, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలుస్తాయి.

ఆంప్ వెనక 4, 8 ఓమ్‌ల ట్యాపులు రెండూ ఉంటే, ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌ని నాలుగు ఓమ్‌ల ట్యాప్‌కి కూడా తగిలించి వినండి. ట్యూబ్‌కి కనిపించే బరువు రెట్టింపవుతుంది, గరిష్ఠ వాట్లు కొంత తగ్గుతాయి, బదులుగా ఆంప్ లోపలి నిరోధం సగమై బేస్ బిగుస్తుంది, వక్రత (డిస్టార్షన్) తగ్గుతుంది. ఫ్లాటు గదిలో, 94 పైన ఉన్న స్పీకర్లతో చాలాసార్లు ఇదే బాగుంటుంది. దీనికి వ్యతిరేకంగా నాలుగు ఓమ్‌ల స్పీకర్‌ని ఎనిమిది ట్యాప్‌కి పెడితే ట్యూబ్ అలిసిపోతుంది, పాట ముద్దగా వస్తుంది.

ట్యాపు మార్చేటప్పుడు ప్రతిసారీ ఆంప్ ఆపండి. పాట నడుస్తుండగా స్పీకర్ వైరు ఊడితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటుకి పోయే దారి లేక వోల్టేజి వేలల్లోకి ఎగబాకుతుంది, తీగ చుట్ల మధ్య నిప్పురవ్వ పుట్టి ఇన్సులేషన్ కాలిపోతుంది. ఆంప్ మొత్తంలో ఖరీదైన భాగాల్లో అదొకటి. చుట్టూ పిల్లలు పరిగెత్తే ఇంట్లో ఊడిపోని స్క్రూ టెర్మినల్సే వాడండి, వైరుని గోడ వెంబడి క్లిప్పులతో బిగించండి.